గన్నేరుకి జిల్లేడు ఏమవుతుంది?

అందరికీ నమస్కారం.

బల్ల మీద పెట్టినవన్నీ మీకు కనిపిస్తూనే ఉన్నాయి కదా. ఎడమ చివర ఒంటిరెక్క నందివర్ధనం. దాని పక్కన బిళ్ళగన్నేరు, పచ్చగన్నేరు, ఎర్రగన్నేరు. మధ్యలో ఆ సీసాలో ఉన్నవి వేళ్ళు, మూత తీస్తే వాసన మొదటి వరసదాకా వస్తుంది. కుడి చివర జిల్లేడు. ఇంకా అవతల ఒక చిన్న మట్టికుండీ ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను. వేళ్ళు తప్ప ఇందులో కొనుక్కొచ్చింది ఏమీ లేదు. కుండీ మా ఇంటిది, మిగతావి పొద్దున్నే ఈ వీధుల్లో తిరిగి కోసుకొచ్చినవే. జిల్లేడు మాత్రం రైలుగేటు దగ్గర దొరికింది.

నేను ఇవాళ అడగబోయే ప్రశ్న ఒక్కటే. గన్నేరుకి జిల్లేడు ఏమవుతుంది?

ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకి వృక్షశాస్త్రం పాఠం చెప్పాను. అందులో ఎక్కువ కాలం ఈ ప్రశ్నకి నేను చెప్పిన జవాబు: "ఏమీ కాదు, ఇరుగుపొరుగు, అంతే." గన్నేరుది అపోసైనేసీ కుటుంబం, జిల్లేడుది ఆస్క్లిపియడేసీ కుటుంబం. రెండూ ఒకటే అని రాసిన పిల్లలకి మార్కులు తీసేశాను. వాళ్ళు రాసిందే సరైనదని తర్వాత తేలింది. అది ఎలా తేలిందో, ఎందుకు అంత కాలం పట్టిందో వివరంగా చెప్పాలని ఎప్పటినుంచో నా మనసులో ఉంది.

ముందు ఈ చెట్ల పోలికలు చూద్దాం. ఏ కొమ్మ తుంచినా పాలు కారుతాయి. అయితే పాలు ఒక్కటే చూసి బంధుత్వం కలపడం కుదరదు. మర్రికి పాలున్నాయి, జెముడుకి ఉన్నాయి, సపోటాకి ఉన్నాయి, బొప్పాయికి ఉన్నాయి. అవన్నీ వేరువేరు ఇళ్ళు. కాబట్టి పాలతో పాటు ఇంకేం ఉన్నాయో చూడాలి. ఆకులు చాలావాటిలో ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. గన్నేరులో మూడేసి, ఏడాకుల పాలలో పేరుకి తగ్గట్టు ఒకే కణుపు దగ్గర గుంపుగా వస్తాయి. పూరేకులు అయిదు, కింద గొట్టంలా కలిసిపోయి ఉంటాయి. నందివర్ధనం మొగ్గని చూడండి. రేకులు ఒకదాని అంచు మీద ఇంకోటి పడుతూ, తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంటాయి. విచ్చుకున్నాక కూడా ఆ తిప్పుడు పోదు, పిల్లలు ఆడుకునే గాలిపంకాలా ఉంటుంది. లిన్నేయస్ ఈ మొక్కల్ని ఒకచోట చేర్చి "మెలితిరిగినవి" అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. జిల్లేడు మొగ్గలో మాత్రం ఈ మెలిక ఉండదు, రేకులు అంచుకి అంచు ఆనుకుని ఉంటాయి. పోలికలన్నీ పిల్లలందరికీ రావాలని లేదు కదా.

అన్నిటికంటే నాకు ఇష్టమైన పోలిక పువ్వు లోపల ఉంది. అండాశయం దగ్గర రెండు ఫలదళాలు, అంటే గింజలు ఎదిగే అరలు, విడివిడిగా ఉంటాయి. పైకి వచ్చేసరికి రెండూ ఒకే కీలంగా, ఒకే తలగా కలిసిపోతాయి. ఇంట్లో వంటలు వేరు, వీధి గుమ్మం ఒకటి. పువ్వు రాలిపోగానే ఆ కలిసిన భాగం పోతుంది, కింద ఉన్న రెండూ విడిపోయి జంటకాయలు అవుతాయి. దుష్టపు చెట్టు కాయలు చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఒకే తొడిమకి కొమ్ముల జతలా రెండు. జిల్లేడులో కూడా రెండు రావాలి, చాలాసార్లు ఒకటి ఎదగకుండా ఆగిపోతుంది. వాక్కాయలో అయితే అండాశయమే కలిసిపోయి గుండ్రటి పండు అవుతుంది.

ఇన్ని పోలికలుండగా రెండు కుటుంబాలుగా ఎందుకు విడగొట్టారు? దీనికి రెండు వందల ఏళ్ల వెనక్కి వెళ్లాలి.

1789లో ఫ్రాన్సులో ఆంటోయిన్ లోరాన్ ద జుస్యూ మొక్కల్ని సహజ కుటుంబాలుగా విడదీసినప్పుడు గన్నేరునీ జిల్లేడు తీరువాటినీ ఒకే కుటుంబంలో ఉంచాడు. కుటుంబం పేరు అపోసైనం అనే మొక్క నుంచి వచ్చింది. గ్రీకులో ఆ మాటకి "కుక్కని దూరం పెట్టేది" అని అర్థం, విషం కాబట్టి. తమాషా ఏమిటంటే ఈ కుటుంబంలో అత్యధిక భాగం ఉష్ణమండలంలో బతుకుతుంది, పేరిచ్చిన మొక్క మాత్రం చల్లటి దేశాలది.

ఇరవై ఏళ్లు గడిచాక స్కాట్లండ్ వాడైన రాబర్ట్ బ్రౌన్ ఈ కుటుంబాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నీటిలో రేణువులు ఊరికే కదులుతూ ఉండడాన్ని బ్రౌనియన్ చలనం అంటామే, ఆ బ్రౌన్. 1809లో ఎడిన్‌బరోలో చదివి, మరుసటి ఏడాది అచ్చువేసిన ఒక వ్యాసంలో ఆయన జిల్లేడు తరహా మొక్కల్ని విడదీసి వేరే కుటుంబం కట్టాడు. ఆ వ్యాసం ఎంత గొప్పదో చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. జిల్లేడుకి కెలోట్రోపిస్, సుగంధిపాలకి హెమిడెస్మస్, పొడపత్రికి జిమ్నీమా, కొడిసపాలకి హొలరీనా, అంకుడు చెట్టుకి రైటియా, ఏడాకుల పాలకి ఆల్‌స్టోనియా, ఈ ప్రజాతి పేర్లన్నీ, అంటే దగ్గరి జాతుల గుంపుల పేర్లన్నీ, ఆ ఒక్క వ్యాసంలోవే. మన ఊళ్ళ చుట్టూ ఉన్న చెట్లు ఇవన్నీ. ఎటికొప్పాక లక్కబొమ్మలు తయారయ్యేది అంకుడు కర్రతోనే.

బ్రౌన్‌ని అంతగా ఆపేసింది ఏమిటో మీరు కళ్ళారా చూడాలి. అందుకే ఈ సూది తెచ్చాను. ముందు ఒక జాగ్రత్త. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. పువ్వు తెంపి కాసేపు ఆగి, తొడిమ తుడిచి, అప్పుడు పట్టుకోండి. పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. రథసప్తమికి ఆకులు తల మీద పెట్టుకుని స్నానం చేసేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

ఇదిగో పువ్వు. రేకుల మధ్య ఈ కిరీటం లాంటిది ఉంది చూశారా? మధ్యలో అయిదు మూలల చదునైన తల. అది కేసరాలూ కీలం తలా కలిసిపోయి ఏర్పడిన ముద్ద. ఏది మగ భాగమో ఏది ఆడ భాగమో విడదీయడానికి వీల్లేనంతగా కలిసిపోయింది. ఆ తల అంచు మీద అయిదు మూలల దగ్గర అయిదు నల్లటి చుక్కలు. గసగసాల గింజకంటే చిన్నవి. ఒక్కో చుక్క కింద సన్నటి నిలువు చీలిక ఉంటుంది. సూది మొనని ఆ చీలికలో పెట్టి మెల్లగా పైకి లాగాలి. వచ్చింది... వెనక వాళ్ళకి కనిపించదు, కెమెరా ఇటు తిప్పండి. నల్ల చుక్క సూదిని పట్టుకుంది. దానికి రెండు పక్కలా రెండు సన్నటి కాడలు, వాటికి వేలాడుతూ రెండు పసుపుపచ్చ సంచులు. కావడి లాగా ఉంది కదూ.

ఆ సంచిని పొలీనియం అంటారు. మందారంలో, ఉమ్మెత్తలో పుప్పొడి పొడిగా రాలుతుంది, చేతికి అంటుతుంది. ఇక్కడ పొడి అన్నదే లేదు. ఒక పరాగకోశపు గదిలోని పుప్పొడి మొత్తం ఒక్క మూటగా కట్టేసి ఉంటుంది. అడుగున తేనె తాగడానికి గండుతుమ్మెద వచ్చి ఆ తల మీద వాలినప్పుడు దాని కాలు చీలికలో ఇరుక్కుంటుంది. లాక్కుంటే కావడి కాలికి తగులుకుని వస్తుంది. ఇంకో పువ్వు మీద వాలినప్పుడు ఆ మూట అక్కడి చీలికలోకి దిగిపోతుంది. తాళంలో తాళంచెవి తిరిగినట్టే. మూటలో వందల పుప్పొడి రేణువులు ఉంటాయి కాబట్టి ఒక్క మూట సరిగ్గా చేరితే కాయ నిండా గింజలు.

పూల మొక్కల్లో పుప్పొడిని ఇలా మూటలుగా కట్టేవి రెండే పెద్ద గుంపులు. ఒకటి ఇది, రెండోది ఆర్కిడ్లు. ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు, వేరువేరుగా ఈ పద్ధతికి చేరాయి. బ్రౌన్ ఈ రెండు గుంపుల పూలలో ఫలదీకరణ ఎలా జరుగుతుందో చాలా ఏళ్లు చూశాడు. 1831లో ఆ పరిశోధనే లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో చదివాడు. కణం మధ్యలో కనిపించే గుండ్రటి భాగానికి న్యూక్లియస్ అన్న పేరు పెట్టింది ఆ వ్యాసంలోనే. మీ పిల్లలు స్కూల్లో బొమ్మ గీసి గుర్తించే కణకేంద్రకం పేరు ఆర్కిడ్లతో పాటు జిల్లేడు బంధువుల పూలని కూడా చూస్తూ రాసిన వ్యాసం నుంచి వచ్చింది.

ఇంత విచిత్రమైన పువ్వుని చూసినవాడు "ఇది వేరే కుటుంబం" అనడంలో ఆశ్చర్యం లేదు. ఆ కాలానికి అది చాలా మంచి పని కూడా. తర్వాత ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్తలు బెంథామ్, హుకర్ ఇద్దరూ రెండు కుటుంబాలుగానే ఉంచారు. హుకర్ సంపాదకత్వంలో వచ్చిన బ్రిటిష్ ఇండియా వృక్షజాల గ్రంథంలో గన్నేరు 3వ సంపుటంలో ఉంటుంది, జిల్లేడు 4వ సంపుటంలో ఉంటుంది. అంటే అట్టలు కూడా వేరు. మన ప్రాంతానికి ఆధారమైన గ్యాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ గ్రంథంలోనూ రెండు కుటుంబాలే. మా పాఠాలు అక్కడి నుంచి వచ్చాయి, నేనూ అవే చెప్పాను.

మరి తప్పు ఎక్కడుంది? గోడ కట్టిన చోట నేల సమంగా లేదు. అది మెట్ల వరస. ఆ మెట్లు ఒక్కొక్కటిగా చూడండి.

మొదటి మెట్టు నందివర్ధనం, బిళ్ళగన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, సర్పగంధి, వాక్కాయ, ఏడాకుల పాల. వీటిలో కేసరాలు కీలానికి అతుక్కోవు, పక్కపక్కన ఉంటాయంతే. పుప్పొడి విడిగా, పొడిగా ఉంటుంది. గింజలకి సాధారణంగా దూది ఉండదు. ఏడాకుల పాల గింజకి మాత్రం రెండు కొసలా వెంట్రుకలు ఉంటాయి.

రెండో మెట్టు ఎర్రగన్నేరు, అంకుడు. ఈ గన్నేరు పువ్వు చీల్చాను. కేసరాలు చూడండి, అయిదూ శంఖువులా దగ్గరకొచ్చి కీలం తలకి గట్టిగా అతుక్కున్నాయి. పుప్పొడి ఇంకా పొడిగానే ఉంది. కానీ గింజకి దూది వచ్చేసింది. గన్నేరు కాయ ఎండి పగిలితే చూడండి, గింజ గింజకీ కుచ్చు.

మూడో మెట్టు సుగంధిపాల. పుప్పొడి రేణువులు నాలుగేసి కలిసి ఉంటాయి. అవి చిన్న గరిటె లాంటి దాంట్లో పడతాయి, గరిటె అడుగున జిగురు ఉంటుంది. పురుగు ఆ గరిటెని మోసుకుపోతుంది. కావడి ఇంకా రాలేదు, కానీ మోసుకెళ్ళే సాధనం వచ్చేసింది.

నాలుగోది సెకమోనే అనే తీగల గుంపు. చుక్కకి నాలుగు చిన్న మూటలు. అయిదోది జిల్లేడు, పొడపత్రి, దుష్టపు చెట్టు, ఇళ్ళల్లో కుండీలో పెంచే హోయా. చుక్కకి రెండు మూటలు.

ఈ వరసలో గోడ ఎక్కడ కట్టాలి? బ్రౌన్ రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య కట్టాడు. మూడో మెట్టుని ఎటు వేయాలో తేలక, దాన్ని మూడో కుటుంబంగా నిలబెట్టినవాళ్ళు కూడా తర్వాత వచ్చారు. ఎక్కడ కట్టినా పక్క మెట్టు వాళ్ళు "మేమూ అటే కదా" అంటారు.

1990ల్లో డీఎన్ఏ చూడడం మొదలయ్యాక సంగతి తేలిపోయింది. ఆకు ఎండ నుంచి ఆహారం తయారుచేసే పనిలో రూబిస్కో అనే ఎంజైమ్ ఉంది. అందులో ఒక భాగానికి చెందిన జన్యువుని తీసుకుని స్వీడన్‌కి చెందిన బెంగ్ట్ సెన్‌బ్లాడ్, బిర్గిట్టా బ్రెమర్ ఈ రెండు కుటుంబాల మొక్కల్ని పోల్చారు. 1996లో ఫలితం వచ్చింది. జిల్లేడు వంశం అపోసైనేసీకి పక్కన లేదు, లోపల ఉంది. ఆ చెట్టు మానులో ఒక కొమ్మ మీద మొలిచిన చిటారు కొమ్మ అది. 1998లో పుష్పించే మొక్కలన్నిటికీ కొత్త వర్గీకరణ ఇచ్చిన ఏపీజీ బృందం రెండు కుటుంబాల్నీ ఒకటి చేసింది. 2000లో మేరీ ఎండ్రెస్, పీటర్ బ్రైన్స్ ఆ కలిపిన కుటుంబానికి పూర్తి వర్గీకరణ రాశారు. నేను చెప్పిన మెట్లే అయిదు ఉపకుటుంబాలు అయ్యాయి. పాత పేరుకే ప్రాధాన్యం కాబట్టి 1789 నాటి అపోసైనేసీ నిలిచింది.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మా స్టూడెంట్లందరూ అడిగిన ప్రశ్న ఇదే. "లోపల ఉంటే మాత్రం ఏమైంది సార్? వేరుగా కనిపిస్తోంది కాబట్టి వేరుగా ఉంచితే నష్టమేంటి?"

మన ఇళ్ళల్లో సంగతిగా చెబుతాను. ఒక తాతగారికి ముగ్గురు కొడుకులు అనుకోండి. మూడోవాడి కొడుకు ఒకడు పట్నం పోయి, వేషం మారి, భాష మారి, గుర్తుపట్టలేనట్టు అయ్యాడు. ఊళ్ళో వాళ్ళు "వీడు ఆ ఇంటివాడు కాదు" అని వేరే ఇంటిపేరు పెట్టేశారు. ఇప్పుడు ఆ పట్నం వాడి సొంత అన్నకి ఎవరు దగ్గర? రక్తం లెక్కలో తమ్ముడే దగ్గర, పెదనాన్న కొడుకులు ఆ తర్వాతే. ఇంటిపేర్ల లెక్కలో మాత్రం తమ్ముడు పరాయివాడు, పెదనాన్న కొడుకులు సొంతవాళ్ళు. ఆ ఇంటిపేరు చూసి ఎవరైనా పెళ్ళి సంబంధం కలిపితే ఎంత పొరపాటో ఆలోచించండి.

ఎర్రగన్నేరు ఆ అన్న. జిల్లేడు ఆ తమ్ముడు. పచ్చగన్నేరు పెదనాన్న కొడుకు. ఎర్రగన్నేరుకి పచ్చగన్నేరు కంటే జిల్లేడే దగ్గర చుట్టం! నాకు ఈ సంగతి మొదటిసారి అర్థమైన రోజు ఇంటి ముందు గన్నేరు చెట్టు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. మనం పేర్లలో గన్నేరు, పచ్చగన్నేరు అని అన్నదమ్ముల్లా పిలుచుకుంటాం. గింజలో దూది, కీలానికి అతుక్కున్న కేసరాలు, ఈ రెండు గుర్తులూ కళ్ళ ముందే ఉన్నా చూడలేదు. జిల్లేడు పువ్వు అద్భుతం మన కళ్ళు కప్పేసింది.

పేర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. తెలుగు పేర్లు తప్పు అని నేను అనను. ఏడాకుల పాల, కొడిసపాల, సుగంధిపాల. ఈ మూడు పేర్లలోనూ "పాల" ఉంది. మూడూ మూడు వేరువేరు మెట్ల మీద ఉన్నాయి. సుగంధిపాల బ్రౌన్ కట్టిన గోడకి అవతలిది. మన వాళ్ళు పేరు పెట్టేటప్పుడు ఆ గోడ లేదు, కొమ్మ తుంచి చూశారు, అదే పేరు పెట్టారు. సపోటా కుటుంబంలో కూడా ఒక పాలచెట్టు ఉంది కాబట్టి దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టను. కానీ చూపు ఉంది అంటాను.

సీతాకోకచిలుకలకి ఇంకా మంచి చూపు ఉంది. రెక్కలు నారింజ రంగులో ఉండి నల్ల అంచు ఉన్న ప్లెయిన్ టైగర్ జిల్లేడు మీద గుడ్లు పెడుతుంది. దాని చుట్టమే, ముదురు గోధుమ రంగులో ఉండే కామన్ క్రో. దాని గొంగళిపురుగు గన్నేరు ఆకు తింటుంది, సుగంధిపాల ఆకు కూడా తింటుంది. గోడకి రెండు పక్కలా భోజనం. మర్రి జాతి చెట్లవీ తింటుంది, అది వేరే సంగతి. ఈ గుంపు సీతాకోకచిలుకలు ఈ రెండు కుటుంబాల మీద బతుకుతున్నాయని 1964లోనే ఎర్లిక్, రేవన్ అనే శాస్త్రవేత్తలు తమ ప్రసిద్ధ వ్యాసంలో గుర్తించారు.

పురుగుకి తెలిసేది రసాయనం. మొదటి మెట్టు మొక్కల ప్రత్యేకత ఇండోల్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు. సర్పగంధి వేరు నుంచి 1952లో రిసర్పిన్ వేరుచేశారు, రక్తపోటు మందుల చరిత్రలో అది పెద్ద మలుపు. అంతకుముందే 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ సర్పగంధి పనితీరు గురించి బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. బిళ్ళగన్నేరు నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. పిల్లల రక్తక్యాన్సర్ వార్డులో విన్‌క్రిస్టిన్ పేరు వినని తల్లిదండ్రులు ఉండరు. మడగాస్కర్ నుంచి వచ్చి మన గుమ్మం పక్కన ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే మొక్క అది. అదే రసాయన దారిలో నడిస్తే ముష్టిగింజలోని స్ట్రిక్నిన్, సింకోనా బెరడులోని క్వినైన్ తగులుతాయి. ఆ రెండు చెట్లూ ఈ కుటుంబం ఉన్న క్రమంలోవే, క్రమం అంటే కొన్ని కుటుంబాలు కలిసిన పెద్ద గుంపు. అంటే ఇవి దూరపు చుట్టాలు.

రెండో మెట్టు దగ్గర ఆ ఆల్కలాయిడ్లు ఆగిపోతాయి. గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు ముందుకొస్తాయి. గన్నేరు విషం అదే, జిల్లేడు విషం అదే. రసాయనం కూడా గన్నేరుని జిల్లేడు పక్కనే నిలబెడుతోంది. పచ్చగన్నేరు గింజలో కూడా ఆ రకం విషమే ఉంది, అది మొదటి మెట్టుది అయినా. ఈ ఒక్క మినహాయింపు ప్రాణాలు తీస్తోంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. పచ్చగన్నేరు కాయ పిల్లల చేతికి అందనివ్వకండి. ఎవరైనా మింగారని అనుమానం వస్తే ఇంట్లో వైద్యం వద్దు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు ఆ సీసా. మూత తీస్తున్నాను. రాయలసీమ వాళ్ళు చెప్పేస్తారు, నన్నారి షర్బత్ వాసన! ఇందులో రెండు రకాల వేళ్ళున్నాయి. సన్నగా, గోధుమ నలుపు రంగులో ఉన్నవి సుగంధిపాలవి. లావుగా, కండగా ఉన్నవి మారేడుగడ్డలు, మాకలిబేరు అని కూడా అంటారు. నల్లమల, శేషాచలం కొండల్లో దొరుకుతుంది. రెండూ వేరువేరు ప్రజాతులు, కానీ రెండూ మూడో మెట్టువి. రెండింటిలో ఉన్నదీ ఒకటే సువాసన పదార్థం, వెనిల్లా ఐస్‌క్రీమ్‌లో ఉండే వెనిలిన్‌కి తోబుట్టువు లాంటిది. వర్గీకరణ తెలిసినవాడికి, ఒక తీగలో ఈ వాసన కనిపిస్తే ఇంకెక్కడ వెతకాలో తెలుస్తుంది. మారేడుగడ్డ కోసం తవ్వితే తీగ ప్రాణం పోతుంది. మనం తాగే గ్లాసు వెనక ఒక తీగ పోతోందన్న సంగతి షర్బత్ వ్యాపారులతో సహా అందరం పట్టించుకోవాలి. పెంచి వాడుకోవడం మొదలవ్వాలి, అడవిలో తవ్వడం తగ్గాలి.

అయితే కలపడంతో అంతా తేలిపోయిందని అనుకోకండి. కొత్త అయిదు ఉపకుటుంబాల్లో మొదటి రెండూ నిజానికి పూర్తి కుదురు కాదు. మొదటి మెట్టు ఒకే తల్లి పిల్లలందరూ ఉన్న గుంపు కాదు, రెండోదీ కాదు. వాటిలోంచే మిగతావి పుట్టాయి కాబట్టి, పైన చెప్పిన ఇంటిపేరు సమస్యే అక్కడా ఉంది. ఇప్పటికి వాడుక కోసం అలా ఉంచారు. 2000లో 424 ప్రజాతులు లెక్కవేశారు, 2014లో ఎండ్రెస్, సిగ్రిడ్ లీడే షూమన్, ఉల్రిక్ మేవే కలిసి లెక్క సరిచూస్తే 366 తేలాయి. జాతులు దాదాపు 5,000 ఉంటాయి. ప్రజాతులు తగ్గాయంటే మొక్కలు పోయాయని కాదు, ఒకదానిలో ఒకటి కలిపేశారు. ఆ కలపడంలో మనకి సంబంధించిన ఒక పేరు ఉంది. అందుకే ఆ కుండీ తెచ్చాను.

ఇది చూడండి. ఆకులు లేవు. నాలుగు పలకలుగా, వేలంత లావున, ఆకుపచ్చ కాడలు. రాళ్ళ గుట్టల మీద, ముళ్ళపొదల నీడలో పెరుగుతుంది. కొన్ని చోట్ల కుందేటికొమ్ములు అంటారు. కాడలు పచ్చివే తింటారు, వండుకుంటారు కూడా. పువ్వు వేలిగోరంత, కానీ సూదితో చూస్తే లోపల జిల్లేడు కావడే.

1781 నుంచి పన్నెండేళ్లు విలియం రాక్స్‌బరో అనే స్కాటిష్ డాక్టరు మన సామర్లకోటలో ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. చుట్టుపక్కల మొక్కల్ని సేకరించి, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం మొదటి సంపుటం 1795లో లండన్‌లో వచ్చింది. అందులో 30వ బొమ్మ ఈ మొక్కది. తెలుగువాళ్ళు దీన్ని "కార్ అల్లమ్" అంటారని ఆయన రాశాడు. ఆ పేజీ చూసే బ్రౌన్ 1810లో తన వ్యాసంలో ఈ ప్రజాతికి కెరల్లూమా అని పేరు పెట్టాడు. ఎవరో రైతు, లేదా మేకలు కాసే పిల్లవాడు, సామర్లకోట దొరకి చెప్పిన మాట లాటిన్ అయిపోయి ప్రపంచమంతా తిరిగింది. ఇవాళ బరువు తగ్గించే మాత్రల డబ్బాల మీద కూడా ఆ పేరు ఉంటుంది.

2017లో బ్రైన్స్, ఆయన సహచరులు డీఎన్ఏ ఆధారంగా ఇంకో మాట అన్నారు. ఈ కాడల మొక్కలన్నీ సెరోపీజియా అనే తీగల ప్రజాతి లోపలే పుట్టాయి, కాబట్టి అన్నిటినీ సెరోపీజియాలో కలపాలి అని. సెరోపీజియా లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు, పాతది. కలిపితే అదే ఉంటుంది, కెరల్లూమా పోతుంది. అందరూ ఒప్పుకోలేదు. ఇంత పెద్ద ప్రజాతిని పెట్టుకుని ఏం చేస్తాం, సెరోపీజియానే చిన్నచిన్న ముక్కలు చేద్దాం అనేవాళ్ళూ ఉన్నారు.

నా సంగతి చెప్పమంటారా? నేను ఇందాక గంటసేపు వాదించిన న్యాయం ప్రకారం బ్రైన్స్ మాటే సరి. జిల్లేడుని గన్నేరు ఇంట్లోకి తెచ్చిన లెక్కే ఇక్కడా వర్తించాలి. బ్రౌన్ కట్టిన గోడ తీసేయాలని చెప్పి, బ్రౌన్ పెట్టిన తెలుగు పేరు దగ్గరికి వచ్చేసరికి మాట మార్చుకోలేను. అయినా బాధగా ఉంది, దాచుకోను. ఈ కుటుంబంలో 366 ప్రజాతుల పేర్లు చదువుతూ పోతే మన మాట వినిపించేది అక్కడ.

మా ఇంట్లో ప్రతి కుండీకి ఒక రేకుముక్క కడతాను, దాని మీద లాటిన్ పేరు రాస్తాను. దీనికి రెండేళ్ల క్రితం కెరల్లూమా అని రాశాను, పోయిన వేసవిలో కొట్టేసి సెరోపీజియా అని రాశాను. ఇవాళ మీ దగ్గరికి తెచ్చే ముందు రేకు తిప్పి, రెండో వైపు తెలుగులో కారల్లం అని రాసి కట్టాను. దగ్గరికి వచ్చి చూడండి, కింది కాడకి రెండు పూలున్నాయి. సూది ఇక్కడే ఉంచుతున్నాను.